ఉభయకుశలోపరి

మన తెలుగులో గెలుపోటములకున్నన్ని మాటలు ఇంక దేనికీ ఉండవేమో. గెలిచినవాడు జెండా పాతుతాడు. ఓడినవాడు తోక ముడుస్తాడు, చేతులెత్తేస్తాడు, చతికిలబడతాడు. చదరంగం బల్ల మొహం ఎరగనివాళ్ళు సైతం "ఎత్తుకు పైఎత్తు వేశాడండీ" అంటారు. "వెనకనుంచి పావులు కదుపుతున్నది ఆవిడే" అంటారు. "ఆఖరికి వాడి ఆట కట్టించారు" అని తృప్తిగా నిట్టూరుస్తారు. ఆ అరవైనాలుగు గళ్ళలోంచి ఇన్ని మాటలు ఏరుకున్న మనం, ఆ ఆటలో రోజూ జరిగే ఒక్క సంగతికి మాత్రం సొంత మాట పెట్టుకోలేదు. ఇద్దరు మనుషులు ఆడి ఆడి, ఎవరూ గెలవకుండా, ఎవరూ ఓడకుండా లేచి వస్తే దాన్ని ఏమనాలి? 'డ్రా' అని ఇంగ్లీషు మాటతోనే సరిపెట్టుకున్నాం.

మాట పెట్టుకోకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ సంగతి మీద మనకి గౌరవం లేదు. కావలిస్తే చూడండి, పోటీకి వెళ్ళిన కుర్రాడు సాయంత్రం ఇంటికొస్తాడు.

"గెలిచావురా?"

"లేదమ్మా."

"అయ్యో, ఓడిపోయావా?"

"లేదమ్మా, డ్రా."

"మరి పొద్దున్నుంచీ ఏం చేశావురా అక్కడ!"

పాపం, నాలుగు గంటలు తల పగలగొట్టుకున్న పిల్లవాడు ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్తాడు? పామూ చావలేదు, కర్రా విరగలేదు. అలాంటి ఆట ఆడినా ఒకటే, ఆడకపోయినా ఒకటే అని మన లెక్క.

నవలలు రాసుకునేదాన్ని కనక ఈ బాధ నాకూ తెలుసు. సీరియల్ ఆఖరి వారాలకి వస్తోందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "ఇంతకీ ఆ అమ్మాయి మొగుడి దగ్గరికి వెళ్తుందా, వెళ్ళదా? ఏదో ఒకటి తేల్చండి మేడమ్!" తేల్చకుండా వదిలేస్తే పాఠకులకి కోపం, సంపాదకులకి అంతకంటే కోపం. జీవితంలో మాత్రం ఏదీ తేలకుండానే ముప్ఫై ఏళ్ళు కాపురాలు చేసేస్తూంటాం, అది వేరే సంగతి.

నిజానికి చదరంగంలో డ్రా అంటే ఒకటే కాదు. మనింట్లో ఉప్మాకి ఉన్నన్ని రకాలు దానికీ ఉన్నాయి. ఇద్దరు రాజులే మిగిలారనుకోండి, ఇక ఆడడానికేమీ లేదు కనక డ్రా. ఒక రాజుకి తోడుగా ఒక్క గుర్రమో, ఒక్క శకటో ఉన్నా ఆట కట్టడానికి ఆ బలం చాలదు, కాబట్టి అదీ డ్రాయే. బల్ల మీద అచ్చంగా అదే స్థితి మూడుసార్లు వచ్చిందంటే, ఆడేవాడు అడిగి డ్రా పుచ్చుకోవచ్చు. ("ఇవాళ కూరేం చెయ్యను?" అన్న ప్రశ్న మీద మా ఇంట్లో ఈ పద్ధతి ఎప్పుడో అమల్లోకి వచ్చింది.) చెరి యాభై ఎత్తులు వేసినా ఒక్క బంటు కదలకపోతే, ఒక్క పావు చావకపోతే, అప్పుడూ అడగవచ్చు.

వీటిలో నాకు మహా ఇష్టమైనది స్టేల్‌మేట్. రాజుకి ఆ క్షణాన ఏ ప్రమాదమూ లేదు, కానీ కదలడానికి ఒక్క గడి కూడా లేదు. వేరే పావులకీ కదిలే దారి లేదు. అలాంటప్పుడు అంత బలగంతో చుట్టుముట్టినవాడికి దక్కేది అర పాయింటు, ఒంటరిగా మూల నిలబడ్డవాడికి దక్కేదీ అర పాయింటే. ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల్లో ఇంకో అడుగు ముందుకేశారట. ఎదుటివాణ్ణి కదలకుండా చేసినవాడే ఓడినట్టని లెక్కగట్టేవారు! 19వ శతాబ్దం మొదట్లో గానీ అక్కడ దాన్ని డ్రాగా ఒప్పుకోలేదు. ఆ పాత నియమం పెట్టినాయన ఇంట్లో గడుసు అత్తగారు ఉండి ఉంటుందని నా అనుమానం.

ఇక ఆఖరి రకం, ఇద్దరూ ఒప్పుకుని ఆపేయడం. దీనికీ ఒక మర్యాద ఉంది. ముందు తన ఎత్తు తాను వెయ్యాలి, వేసి "డ్రా?" అని అడగాలి, ఆ తర్వాత గడియారం నొక్కాలి. అంతే, మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించకూడదు. ఎదుటివాడు సరేనంటే చేతులు కలుపుకుంటారు. ఇష్టం లేకపోతే కాదని నోటితో చెప్పనక్కర్లేదు, తన ఎత్తు తాను వేసేస్తే కాదన్నట్టే. ఇద్దరూ కాగితం మీద ఆ ఎత్తు పక్కన సమానం గుర్తు వెయ్యాలి. ఆ గుర్తు సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, దానితో పనుంది.

మా అమ్మకి ఈ డ్రాలంటే ఒళ్ళు మంట. దానికి కారణం 1984. ఆ ఏడు సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్పు కోసం కూర్చున్నారు. ముందు ఎవరు ఆరు ఆటలు గెలిస్తే వారిది కిరీటం; డ్రాలు లెక్కలోకి రావు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, సంక్రాంతి కూడా వెళ్ళింది. 48 ఆటలు ఆడారు. అందులో 40 డ్రాలు! కార్పోవ్ 5 గెలిచాడు, కాస్పరోవ్ 3 గెలిచాడు. చివరికి 1985 ఫిబ్రవరిలో ఫలితం లేకుండానే ఆపేశారు. మా నాన్నగారు ఆ అయిదు నెలలూ పేపరు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించేవారు. నాకప్పుడు నాలుగైదేళ్ళు, నాకేం తెలుసు? పెద్దయ్యాక అమ్మ నోట విన్నదే. "అయిదు నెలలు కూర్చుని తేల్చుకోలేకపోయారుట! అన్నాళ్ళూ వాళ్ళిద్దరికీ వండి పెట్టినవాళ్ళెవరో గానీ, ఆ కప్పు వాళ్ళకివ్వాలి" అనేది.

నాన్నగారు నవ్వేవారు గానీ మాట్లాడేవారు కాదు. ఆయన మాట్లాడడం అసలే తక్కువ. తెనాలిలో తంతి ఆఫీసులో పనిచేసి, మాట మాటకీ ఇంత అని లెక్కగట్టి డబ్బు పుచ్చుకుని పుచ్చుకుని, సొంత మాటల్లో కూడా పొదుపు అలవాటైపోయింది. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాములు ఆపేశారన్న వార్త వచ్చిన రోజున ఆయన అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నారు. పేపరు మడిచి పెట్టి, "అయిపోయింది" అన్నారు. ఒకే మాట. కనీసపు ఛార్జీ కూడా పడదు.

ఆ ఆఫీసులోనే ఆయనకి చదరంగం స్నేహితుడొకాయన ఉండేవారు. ఆయనకి రాజమండ్రి బదిలీ అయినా ఆట ఆగలేదు, కార్డుల మీద సాగింది. కార్డు మీద పైన 'ఉభయకుశలోపరి' అని రాసి, కింద ఒక ఎత్తు. వెళ్ళడానికి రెండు మూడు రోజులు, జవాబు రావడానికి రెండు మూడు రోజులు. వారానికి ఒక ఎత్తు చొప్పున నలభై ఎత్తుల ఆట ముగిసేసరికి ఏడాది తిరిగొచ్చేది. ఆ మధ్యలో పిల్లలు పుట్టేవారు, పెళ్ళిళ్ళయ్యేవి. వాటన్నిటికీ ఆ 'ఉభయకుశలోపరి'లోనే చోటు. ఆ స్నేహితుడికి ఇప్పుడు చెవుడు వచ్చి ఫోను పనికిరాదు కనక, ఈ సెల్‌ఫోన్ల కాలంలో కూడా వాళ్ళిద్దరి కార్డులు నడుస్తూనే ఉన్నాయి.

నాకు ఆట నేర్పింది కూడా నాన్నగారే. మా చదరంగం పెట్టెలో తెల్ల శకటు ఒకటి పోతే, దాని స్థానంలో అమ్మ కుట్టుమిషను దారపు రీలు నిలబెట్టేవారు. నాకు పదేళ్ళప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఒక తమాషా చూపించారు. తెల్లవాళ్ళకి రాజు, ఆ దారపు రీలు, బల్ల అంచునున్న ఒక్క బంటు. నల్లవాళ్ళకి ఒంటి రాజు. "ఇందులో ఎవరు గెలుస్తారు?" అన్నారు. తెల్లవాళ్ళే కదా, బంటు చివరిదాకా పోతే మంత్రి అయిపోతుంది.

"మూల గడి రంగు చూడు" అన్నారు.

ఆ బంటు చేరవలసిన మూల గడి నల్లది. శకటు పుట్టిన రంగు మీదే తిరగాలి కదా? దారపు రీలు తిరిగేది తెల్ల గళ్ళ మీద. నల్లరాజు వెళ్ళి ఆ మూలలో కూర్చుంటే అతన్ని అక్కడినుంచి లేపే దిక్కు ఎవరికీ లేదు. ఒక శకటూ ఒక బంటూ ఎక్కువున్నా సరే, గెలవలేరు! మరీ గట్టిగా బిగిస్తే స్టేల్‌మేట్ అయిపోతుంది. "బలం ఎంతుందని కాదు అమ్మాయ్, ఏ రంగు మీద ఉందో చూసుకోవాలి" అన్నారు. ఆయన లెక్కలో అది చాలా పొడుగు వాక్యం. అందుకే గుర్తుండిపోయింది.

అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఏడాదికే నాన్నగారికి స్వల్పంగా పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, నడక పోలేదు. కుడిచెయ్యి మాత్రం వణుకు పట్టుకుంది. డాక్టరుగారు "అదృష్టవంతులు, ఇంతటితో పోయింది" అన్నారు. ఇంతటితో పోలేదు. బ్యాంకులో చెక్కు మీద సంతకం కలవలేదని తిప్పి పంపారు. ఆయన సంతకం ఆయనది కాదన్నారు! దానితో చెక్కు పుస్తకం అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. తర్వాత గ్యాసు పుస్తకం, ఇంటిపన్ను రసీదులు వెళ్ళాయి. ఇక మిగిలింది ఇల్లు. తెనాలి ఇల్లు అమ్మేసి ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళిపోవాలని అన్నయ్య, వదిన.

మా అన్నయ్య మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. తండ్రి ఒంటరిగా ఉంటే నిద్రపట్టని కొడుకుతో ఏమని పోట్లాడతాం? వాడు సెలవు పెట్టుకుని వచ్చి, హాల్లో కూర్చుని, ఎదురుగా కుర్చీలో నాన్నగారుండగానే "ఆయనకి అక్కడైతే లిఫ్టుంది, ఆయనకి ఆ ఆవరణలో నడవడానికి బాగుంటుంది" అని చెప్తున్నాడు. "ఆయన్ని అడిగావా అన్నయ్యా?" అన్నాను. "అడిగితే ఏం చెప్తారే, ఇక్కడే ఉంటాననేగా అంటారు" అన్నాడు. నాన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు విన్నారు.

ఆ తర్వాత వారంలో ఫోను చేసి, "బెజవాడలో సీనియర్లకి టోర్నమెంటు. పేరిచ్చాను. నువ్వు వస్తావా?" అన్నారు.

పెద్దవయసువాళ్ళకి చదరంగం పోటీలేమిటని మీరనుకోవచ్చు. ప్రపంచ స్థాయిలోనే ఉన్నాయి, 1991 నుంచీ. మొదట మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 50 అని వయసు పెట్టారు. 2014 నుంచి 50 దాటినవాళ్ళకి ఒకటి, 65 దాటినవాళ్ళకి ఒకటి చేశారు. మొట్టమొదటిది గెలిచినాయన స్మిస్లోవ్. అప్పటికాయనకి 70 ఏళ్ళు. అంతకు ముందు 1984లో, 63 ఏళ్ళ వయసులో, ప్రపంచ చాంపియన్‌కి సవాలుదారు ఎవరో తేల్చే ఆఖరి మ్యాచిలో కుర్ర కాస్పరోవ్‌కి ఎదురుగా కూర్చున్నాడు. ఓడిపోయాడనుకోండి, అయినా అంతదూరం వచ్చాడు. ఇవన్నీ నాన్నగారి నోటుపుస్తకాల్లో ఉన్నాయి. మన వైపున చూస్తే, గుంటూరు కుర్రాడు హరికృష్ణ 2001లోనూ, బెజవాడ అమ్మాయి కోనేరు హంపి పదిహేనేళ్ళ వయసులో 2002లోనూ గ్రాండ్‌మాస్టర్లయ్యారు. ఆ కత్తిరింపులూ ఉన్నాయి. "పిల్లల ఊళ్ళో ముసలాళ్ళం ఆడుతున్నాం" అన్నారు రైల్లో.

కల్యాణమండపం ఒకటి తీసుకుని పెట్టారు. పెళ్ళి కుర్చీలే, పెళ్ళి బల్లలే, పైన నీలం గుడ్డ. నలభైమంది దాకా ఉన్నారు. రిటైరైన మేష్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఒక మిల్లు గుమస్తా, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరే ఇద్దరు ఆడవాళ్ళు. బహుమతి డబ్బు కోసం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆ డబ్బు మందులకి కూడా రాదు. సెల్‌ఫోన్లు బయట పెట్టించుకున్నారు. మాలాంటి వెంట వచ్చినవాళ్ళకి తాడు కట్టి అవతల కుర్చీలు వేశారు. నాన్నగారి బల్ల ఆ తాడు పక్కనే. మా దేవుడు మేలుచేశాడు.

ఎదురుగా కూర్చున్నాయన ఏలూరు నుంచి వచ్చారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయనవి తెల్ల పావులు, నాన్నగారివి నల్లవి. ఒక్కొక్కరికి గంటన్నర టైము, వేసిన ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు అదనం. ఎత్తు వేసిన చేత్తోనే గడియారం నొక్కాలి. కావాలని ముట్టుకున్న పావునే కదపాలి. వేసిన ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. మామూలు వాళ్ళకి ఇవి నియమాలే కావు. నాన్నగారికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క గోడ. ఆయన ఎడంచేత్తో పావు కదిపి, అదే ఎడంచేత్తో గడియారం నొక్కి, అప్పుడు కుడిచేతిలోకి పెన్ను తీసుకుని, ఆ చెయ్యి వణుకు సర్దుకునేదాకా ఆగి, రెండక్షరాలు రాసి, మళ్ళీ పెన్ను కింద పెట్టేవారు. ఎదుటాయన ఒక్క రాతకి పట్టే సమయంలో ఈయనకి అయిదు రాతల సమయం పోతోంది.

ముప్ఫై ఒకటో ఎత్తు దగ్గర ఏలూరాయన పావు కదిపి, ముందుకు వంగి, మెల్లిగా ఏదో అన్నారు. చెయ్యి ముందుకు చాచబోతున్నట్టు కూడా కనిపించింది. ఆయనదే పైచెయ్యిగా ఉంది, ఒక బంటు ఎక్కువ కూడా ఉంది. నాన్నగారు ఆయన మొహం వంక చూశారు. తర్వాత తన కుడిచేతి వంక చూసుకున్నారు. కాగితం మీద చిన్న సమానం గుర్తు వేశారు. అది వెయ్యడానికే రెండుసార్లు పెన్ను ఎత్తవలసి వచ్చింది. ఆ తర్వాత ఎడంచెయ్యి చాచి గుర్రాన్ని కదిపి గడియారం నొక్కారు.

కాదన్నారు! ఏమాటకామాట చెప్పుకోవాలి, నా పక్కన కూర్చున్న ఎవరిదో మనవడు, పదకొండేళ్ళవాడు, నా చెవిలో "తాతగారికి పిచ్చా ఆంటీ? డ్రా ఇస్తే తీసుకోలేదేం?" అన్నాడు.

ఏలూరాయన మొహం ఎర్రబడింది. అక్కడినుంచి ఆయన ఆట మారింది. నిజం చెప్పాలంటే అప్పుడే మొదలైంది ఆట. ఒక్కొక్క పావూ మార్చుకుంటూ, నాన్నగార్ని వెనక్కి నెట్టుకుంటూ వచ్చారు. రెండు గంటలు. మంత్రులు పోయారు, ఏనుగులు పోయాయి. యాభై ఎత్తులు దాటేసరికి తెల్లవారికి రాజు, ఒక శకటు, రెండు బంట్లు. అందులో ఒకటి మధ్యలో, ఒకటి బల్ల అంచున. నాన్నగారికి రాజు, ఒక గుర్రం. అంతే. మధ్యలో ఉన్న బంటు గనక దూసుకుపోతే ఆట ముగిసినట్టే. గడియారంలో ఆయనకి మిగిలింది రెండు నిమిషాలు, ఆపైన ఎత్తుకొచ్చే 30 సెకన్లు.

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. తర్వాత గుర్రాన్ని ఎత్తి, తిన్నగా ఆ మధ్య బంటు మీద పెట్టి, దాన్ని చంపేశారు. ఆ పక్కనే తెల్లరాజు ఉన్నాడు. ఒక్క ఎత్తులో గుర్రం పోయింది.

"అయిపోయింది! తాతగారు గుర్రం పోగొట్టుకున్నారు" అన్నాడు కుర్రాడు.

నేను అంచున మిగిలిన బంటు వంక చూశాను. అది చేరవలసిన మూల వంక చూశాను. నల్ల గడి. శకటు ఏ రంగు మీద ఉందో చూశాను. తెల్ల గడి. నాకు మా తెనాలి అరుగు, అమ్మ దారపు రీలు కళ్ళ ముందుకొచ్చాయి. నాన్నగారి రాజు అప్పటికే ఆ మూలకి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఎప్పటినుంచి అటు నడుస్తున్నాడో! పది ఎత్తుల ముందునుంచీ ఆయన ఆ మూలనే చూస్తున్నారన్నమాట. బుర్రలో ఏది పోయిందో, ఏది ఉందో ఆయన ఎవరినీ అడగదలుచుకోలేదు. ఇక్కడికి వచ్చి స్వయంగా చూసుకుంటున్నారు.

ఏలూరాయనకి రెండు ఎత్తుల తర్వాత అర్థమైంది. ఆయన శకటుని ఎత్తబోయి, ఆగి, మూలలో కూర్చున్న నల్లరాజు వంక చూసి, చిన్నగా తల పంకించారు. అయినా వదల్లేదు. ఇక చాలు, డ్రా అని అడగలేదు. రాజుని తెచ్చారు, శకటుని తిప్పారు, బంటుని ఒక్కొక్క గడీ జరిపారు. నాన్నగారు మూల గడికీ, పక్క గడికీ మధ్య తిరుగుతూ, ఎత్తు ఎత్తుకీ పెన్ను తీసి రాస్తూ కూర్చున్నారు. 71వ ఎత్తుకి బంటు ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలో ఆగింది. నల్లరాజు మూలలో ఉన్నాడు. ప్రమాదం లేదు, కదిలే చోటూ లేదు. స్టేల్‌మేట్.

ఇద్దరూ లేచి నిలబడి చేతులు కలుపుకున్నారు. ఏలూరాయన రెండు చేతులతో నాన్నగారి కుడిచెయ్యి పట్టుకుని, అది వణుకుతూంటే అలాగే పట్టుకుని నిలబడ్డారు. గోడ మీద అంటించిన పట్టీలో ఇద్దరి పేర్ల పక్కనా చెరో అర పాయింటు వేశారు.

బయట టీ దగ్గర ఆయన నాతో అన్నారు. "మీ నాన్నగారి చెయ్యి చూసి, పెద్దాయన్ని శ్రమపెట్టడం ఎందుకని అప్పుడు డ్రా అడిగానమ్మా. ఆయన తీసుకోలేదు. కోపమొచ్చింది, దాచడమెందుకు? తర్వాత మాత్రం నా శక్తికొద్దీ ఆడాను, ఎక్కడా వదిలిపెట్టలేదు. నిజంగా వదల్లేదు." ఆ ఆఖరి మాట ఆయన రెండుసార్లు చెప్పారు. అది నాన్నగారికి చెప్పమని నాతో అంటున్నట్టు అనిపించింది.

చెప్పాను. నాన్నగారు టీ ఊదుకుంటూ, "తెలుసు. అందుకే బాగుంది" అన్నారు.

ఆలోచించి చూస్తే, పట్టీ మీద తేడా ఏమీ లేదు. ముప్ఫై ఒకటో ఎత్తు దగ్గర ఊఁ అన్నా అర పాయింటే, 71 ఎత్తులు ఆడినా అర పాయింటే. రెండు గంటల శ్రమ, ఓడిపోయే ప్రమాదం దండగ కదా అని లెక్కలు తెలిసినవాళ్ళంటారు. కానీ మొదటిది ఒకరు ఇస్తే ఇంకొకరు పుచ్చుకునేది. రెండోది ఇద్దరూ కలిసి సంపాదించుకున్నది. మన పిల్లలు, మన కోడళ్ళు, మన మేలు కోరేవాళ్ళు ఎంతో ప్రేమగా, అర పాయింటు చేతిలో పెట్టి "ఇక లేవండి, అలిసిపోయారు" అంటూంటారు. వాళ్ళ ప్రేమలో లోపం లేదు. కుర్చీలో కూర్చున్నవాడు ఇంకా ఆడుతున్నాడన్న సంగతి మాత్రం వాళ్ళకి తట్టదు.

2018లో లండన్‌లో కార్ల్‌సన్, కరువానా ప్రపంచ చాంపియన్‌షిప్పులో పన్నెండు ఆటలు ఆడితే పన్నెండూ డ్రాలే. చివరికి వేగంగా ఆడే ఆటలు పెట్టి కార్ల్‌సన్‌ని విజేత అన్నారు. లోకానికి ఎవరో ఒకరు గెలిచి తీరాలి. తెనాలి రైలు ఎక్కిన మా ఇద్దరికీ ఆ తొందర లేదు.

ఆ రాత్రి అన్నయ్య ఫోను చేశాడు. "గెలిచారా?" అన్నాడు. "డ్రా" అన్నాను. "పోనీలే, ఓడిపోలేదుగా" అన్నాడు. పక్కనే ఉన్న నాన్నగారు ఫోను ఇమ్మని చెయ్యి చాచారు.

"ఒరేయ్, ఇంటి సంగతి. నేను ఒక ఎత్తు చెప్తాను. ఆలోచించుకుని జవాబు చెప్పు. ఎండాకాలం మూడు నెలలు మీ దగ్గర. మిగతా తొమ్మిది నెలలు ఇక్కడ. కింది వాటా ఎవరికైనా అద్దెకిద్దాం, రాత్రిపూట మనిషి అలికిడి ఉంటుంది. బ్యాంకులో నీ పేరూ నా పేరూ కలిపి పెడదాం. చెక్కు పుస్తకం మాత్రం ఇక్కడుంటుంది."

ఇన్ని మాటలు ఆయన నోట ఒక్కసారిగా నేనెప్పుడూ వినలేదు. టెలిగ్రామైతే బోలెడు ఖర్చయ్యేది. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. రెండుసార్లు ఫోను చేసి వాదించాడు. మందుల సంగతి, మెట్ల సంగతి ఎత్తాడు. మేడ మీది పడకగది కిందికి మార్చాలన్నాడు. నాన్నగారు అందుకు ఒప్పుకున్నారు. ఎనిమిదో రోజున అన్నయ్య "సరే" అన్నాడు. ఎవరు గెలిచారని మాత్రం నన్నడక్కండి.

ఆ మర్నాడు నాన్నగారు వీధిగదిలో కూర్చుని రాజమండ్రికి కార్డు రాస్తున్నారు. నేను రాసిపెడతానన్నా ఇవ్వలేదు. నాలుగు ముక్కలకి అరగంట పట్టింది. అక్షరాలు వంకరటింకరగా గట్టు దాటిపోతున్నాయి గానీ, ఏ అక్షరం ఏదో తెలుస్తూనే ఉంది. పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చారు. కార్డే కదా, చదివాను.

"ఉభయకుశలోపరి. బెజవాడలో ఆడాను. నల్లపావులు. 71 ఎత్తులు. డ్రా. మన ఆటలో నీ 34వ ఎత్తు ఇంకా రాలేదు."

డబ్బా దగ్గర నిలబడి ఆ మొదటి మాట మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని కదా దాని అర్థం. డ్రాకి తెలుగులో మాట లేదని ఎవరన్నారు!